ఆర్సీ బుక్కు చెప్పని చుట్టరికం

ఇంట్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లలుంటే ‘ఊప్స్’ అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు మీ చెవిన పడే ఉంటుంది. చెయ్యి జారి గ్లాసు పగిలినప్పుడు అనే ఊప్స్ వేరు. ఇది ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ సిస్టమ్స్’ అనే పొడుగాటి పేరుకి పొట్టి పేరు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీదా, కరెంటు స్తంభాల మీదా సీ ప్లస్ ప్లస్, జావా కోర్సుల కాగితాలు పొరలు పొరలుగా అంటుకున్న రోజుల్లో, ఊరి నుంచి వచ్చి బస్సు దిగిన కుర్రాళ్ళు మొట్టమొదట బట్టీ పట్టింది ఈ ఊప్సునే. ఇంటర్వ్యూలో ‘ఇన్‌హెరిటెన్స్ అంటే ఏమిటి?’ అని అడుగుతారు. ‘తండ్రి లక్షణాలు కొడుక్కి రావడం సార్’ అంటాడు కుర్రాడు. ‘గుడ్’ అంటారు. అక్కడితో ఆ ప్రశ్న అయిపోతుంది.

అసలు ప్రశ్న అక్కడే మొదలవ్వాలి. తండ్రి లక్షణాలు కొడుక్కి వచ్చాయి, బాగానే ఉంది. మరి ఇతను ఫలానా వాళ్ళబ్బాయని ఊళ్ళో నలుగురికీ తెలుసా? తెలియకపోతే, అవసరానికి ఎవరైనా వచ్చి ‘నువ్వు ఫలానా వాళ్ళ వాడివేనా బాబూ’ అని అడిగితే ఏం జవాబొస్తుంది? ఈ వారం కబురు దాని గురించే. కంప్యూటర్ల గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. ఇందులో టోల్‌గేటుంది, అంబులెన్సుంది, పేలిపోయిన రాకెట్టు కూడా ఉంది.

వంతెన ముందు వరుస

1960ల్లో నార్వే రాజధాని ఓస్లోలో, నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఇద్దరు కలిసి పనిచేసేవారు. ఒకరు క్రిస్టెన్ నీగార్డ్, ఇంకొకరు ఓలె యోహాన్ డాల్. బయటి ప్రపంచంలో జరిగే పనిని కంప్యూటర్లో ఉన్నదున్నట్టు నడిపించి చూడాలన్నది వాళ్ళ తాపత్రయం. రేవులో ఓడలు ఎంతసేపు ఆగుతున్నాయి, ఫ్యాక్టరీలో సరుకు ఎక్కడ పేరుకుపోతోంది, ఇలాంటివన్నమాట. వాళ్ళకి బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుండేది: ఒక వంతెన, దానికో టోల్‌బూత్, ముందు బారులు తీరిన లారీలూ బస్సులూ. సంక్రాంతి ముందు విజయవాడ దారిలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఇరుక్కున్న వాళ్ళకి ఈ ఉదాహరణ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

చిక్కెక్కడొచ్చిందంటే, లారీకి సరుకు బరువుంటుంది, బస్సుకి ప్రయాణికుల లెక్క ఉంటుంది. రెండిటి వివరాలూ వేరు. కానీ నిలబడాల్సింది ఒకే వరుసలో. వరుసకి కావలసింది మాత్రం రెండిటిలోనూ ఉన్నదే: బండి నంబరు, ఎప్పుడొచ్చింది, వెనక ఎవరున్నారు. అందుకని ఉమ్మడి సంగతులన్నీ ‘వాహనం’ అని ఒకచోట రాసిపెట్టి, దాని మీద లారీకి కావలసినవి లారీకి, బస్సుకి కావలసినవి బస్సుకి చేర్చుకుంటే సరిపోతుందన్న ఆలోచన పుట్టింది. అడుగునున్న ‘వాహనం’ బేస్ క్లాసు. దాని మీద కట్టుకున్న లారీ, బస్సు దాని సంతానం. ఈ ఏర్పాటుతో వచ్చిన భాష పేరు సిమ్యులా 67. ఇవాళ మన ఫోన్లలోనూ బ్యాంకుల్లోనూ నడిచే ప్రోగ్రాముల్లో చాలా వాటికి మూలపురుషుడు అదే. ఆ ఇద్దరికీ 2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. 2002లో కొద్ది వారాల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు.

ఇప్పుడు టోల్‌బూత్ కిటికీలో కూర్చున్న కుర్రాడి వైపు నుంచి చూద్దాం. అతని చేతికొచ్చే చీటీ మీద రాసి ఉండేది ‘వాహనం’ అని మాత్రమే. చాలాసార్లు అంతే చాలు. ‘నీ టోలు ఎంతో నువ్వే కట్టు’ అంటే, ఏ బండి రేటు ఆ బండికి తెలుసు కాబట్టి అదే కట్టేస్తుంది. ఊప్సులో ఉన్న అందమంతా ఇదే. కానీ ఒక్కోసారి అది చాలదు. వచ్చింది 108 బండా, ఫైరింజనా అని తెలియాలి. తెలిస్తే గేటు వెంటనే ఎత్తాలి. అప్పుడు అడగక తప్పదు: ‘అన్నా, ఎమర్జెన్సీ బండేనా?’

చేతిలో ఉన్న చీటీ వాహనమనే చెబుతున్నా, ‘నువ్వు నిజంగా ఎవరు?’ అని బండినే అడిగి, జవాబును బట్టి దాన్ని ఆ రకంగా చూడటాన్ని టైప్ కాస్టింగ్ అంటారు. ప్రోగ్రాము నడుస్తుండగా అడుగుతారు కాబట్టి రన్‌టైమ్ కాస్ట్. కులం కాస్టూ కాదు, ఖరీదు కాస్టూ కాదు. సినిమావాళ్ళు ‘టైప్‌కాస్ట్ అయిపోయాడు’ అంటారే, ఒక్కసారి కానిస్టేబుల్ వేషం వేస్తే జన్మంతా కానిస్టేబులే, ఆ మాటకి మాత్రం ఇది దూరపు చుట్టం. కంప్యూటర్లో ఈ వేషం మార్చడం రెండు రకాలు. ఒక అంకెను ఇంకో కొలత గడిలోకి కుక్కడం ఒకటి. అది చివర్లో రాకెట్టుతో పాటు వస్తుంది. ఒక వస్తువు బంధుత్వాన్ని అడిగి తెలుసుకోవడం రెండోది. ముందు దీని సంగతి చూద్దాం.

నడుస్తుండగానే ఎందుకు అడగాలి, ముందే చూసుకోవచ్చు కదా అంటారా? కంపైలర్ అనే తనిఖీదారు ముందే చూస్తాడు. ప్రోగ్రాము రాసిన వెంటనే, ఇంకా రోడ్డెక్కకముందే, షెడ్డులోనే ప్రతి వాక్యమూ పరీక్షిస్తాడు. తప్పుంటే బండి కదలనివ్వడు. కానీ ఫలానా రాత్రి, ఫలానా నిమిషంలో ఆ కిటికీ ముందు ఆగేది ఏ బండో షెడ్డులో కూర్చున్న వాడికి ఎలా తెలుస్తుంది? రోడ్డు మీదే తేలాలి. రోడ్డు మీద తేలాలంటే బండి తన వెంట ఆర్సీ బుక్కు తెచ్చుకోవాలి.

విచిత్రమేమిటంటే, సీ ప్లస్ ప్లస్ భాషలో మొదట ఈ ఆర్సీ బుక్కే లేదు. దాన్ని తయారుచేసిన బ్యార్నె స్ట్రౌస్‌ట్రుప్ డెన్మార్క్ మనిషి. కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తున్నప్పుడు సిమ్యులా వాడాడు. 1979లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకి క్లాసులు జోడించే పని మొదలుపెట్టాడు. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరొచ్చింది, 1985లో మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు ఆర్సీ బుక్కు ఏర్పాటును కావాలనే పక్కనపెట్టాడు. సిమ్యులాలో అది ఉండబట్టి జనం దాన్ని ఎలా పాడుచేశారో చూశాడు మరి. ప్రతి గేటు దగ్గరా ‘నువ్వు బస్సువా? కాదా, అయితే లారీవా? అదీ కాదా, ఆటోవా?’ అని వరసగా ప్రశ్నలు రాసుకుంటూ పోయేవారట. రేపు కొత్త రకం బండొస్తే ఊళ్ళో ఉన్న గేట్లన్నిటి దగ్గరికీ పరిగెత్తి ఇంకో ప్రశ్న చేర్చాలి. బండిని ‘నీ టోలు నువ్వే కట్టు’ అంటే పోయేదానికి ఇదంతా దేనికని ఆయన బాధ. న్యాయమైన బాధే. కానీ అంబులెన్సుల్లాంటి నిజమైన అవసరాలూ ఉంటాయి. చివరికి 1993లో ప్రమాణాల కమిటీ ఆ ఏర్పాటుకి ఒప్పుకుంది. 1998లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణంలోనూ అది ఉంది. ‘డైనమిక్ కాస్ట్’ అని, రెండు వైపులా కోణాల బ్రాకెట్లతో, టైపు చేయడానికే చిరాకేసేటట్టు ఉంటుంది దాని రూపం. అది పొరపాటున అలా తయారవలేదు. మొరటు పనికి మొరటు రూపమే ఉండాలని ఆయన అనుకుని పెట్టిందే.

అడిగితే జవాబు ఎలా వస్తుంది? అవును అయితే ఆ వస్తువుకి దారి చూపిస్తుంది. కాదు అయితే చేతిలో సున్నా పెడుతుంది. సున్నా వచ్చిందో లేదో చూసుకోవడం అడిగినవాడి బాధ్యత. జావాలో సున్నా ఇవ్వరు, ‘క్లాస్ కాస్ట్ ఎక్సెప్షన్’ అని గట్టిగా కేకేస్తారు. 2004లో జావా 5 వచ్చేదాకా జాబితాలో ఏది వేసినా ఉత్త ‘ఆబ్జెక్ట్’ అయి కూర్చునేది. తీసిన ప్రతిసారీ కాస్ట్ చేయాల్సిందే. ఆ రోజుల్లో జావా రాసిన వాళ్ళకి ఆ ఎర్ర అక్షరాలు కలలోకొచ్చేవంటే అబద్ధం కాదు.

నల్ల స్టిక్కరు వెనక

ఇక అసలు విషయానికొద్దాం. సీ ప్లస్ ప్లస్‌లో వారసత్వం ఒక్క రకం కాదు. ‘పబ్లిక్’ అని రాస్తే అది ఊరంతా ఎరిగిన చుట్టరికం. ‘ప్రైవేట్’ అని రాస్తే గుణాలన్నీ వస్తాయి కానీ చుట్టరికం బయటివాళ్ళకి చెప్పరు. మధ్యలో ‘ప్రొటెక్టెడ్’ అని ఇంకొకటుంది, దాన్ని నిజంగా వాడిన వాళ్ళు బహు తక్కువ, వదిలేద్దాం.

తండ్రి గుణాలు తీసుకుని తండ్రి పేరు చెప్పకపోవడమేమిటి, అన్యాయం కదా అనిపించొచ్చు. దానికీ న్యాయమైన వాడకముంది. ‘ఎమర్జెన్సీ సర్వీస్’ అని ఒక క్లాసుందనుకోండి. వైర్‌లెస్ సెట్టు, అదనపు బ్యాటరీ, సైరను, దారి ఇమ్మనే హక్కు, అన్నీ అందులో ఉన్నాయి. టీవీ న్యూస్ ఛానెల్ ఓబీ వ్యాను తయారుచేసేవాడికి అందులోని వైర్‌లెస్సూ బ్యాటరీ ఏర్పాటూ కావాలి. మళ్ళీ మొదట్నుంచీ రాసుకోవడం దండగ. అలాగని అందరికీ తెలిసేలా వారసత్వం తీసుకుంటే, ప్రతి గేటూ ఓబీ వ్యానుకి దారి వదిలేస్తుంది. అది మరీ అన్యాయం! అందుకని ప్రైవేటుగా తీసుకుంటారు. ‘దాన్ని వాడుకుని కట్టిందే తప్ప ఇది అది కాదు’ అని చెప్పడానికే ప్రైవేటు వారసత్వమని స్కాట్ మేయర్స్ వంటి రచయితలు పుస్తకాల్లో ఎప్పుడో రాశారు. ఇలా బయటి నుంచి చేరడానికి వీల్లేని తండ్రి క్లాసును ‘ఇనాక్సెసిబుల్ బేస్’ అంటారు. అందుబాటులో లేని మూలమన్నమాట.

ప్రమాదమల్లా, దాచాలని ఎవరూ అనుకోకుండానే దాగిపోయినప్పుడు. ఈ భాషలో ఒక నియమముంది: ‘క్లాస్’ అన్న మాటతో కొత్త రకాన్ని మొదలుపెట్టి, కోలన్ పెట్టి, తండ్రి పేరు రాసి, పబ్లిక్ అనో ప్రైవేట్ అనో ఏమీ చెప్పకపోతే అది ప్రైవేటే. ఇంకో నియమం దీనికన్నా గడుసుది. ఇద్దరు తండ్రులుంటే (కంప్యూటర్లో ఉండొచ్చు, కంగారుపడకండి) ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి. 108 బండిని రాస్తూ ‘కోలన్, పబ్లిక్ వాహనం, కామా, ఎమర్జెన్సీ సర్వీస్’ అని రాశాడనుకోండి. రాసినవాడి ఉద్దేశం మొదట్లో ఉన్న పబ్లిక్ రెండిటికీ వర్తిస్తుందనే. మనం మాట్లాడే తీరు అంతే కదా, ‘పెద్ద చెంబూ పళ్ళెమూ తే’ అంటే పెద్ద పళ్ళెమే తెస్తారు. కంపైలరుకి ఈ మర్యాదలు తెలియవు. వాహనం పబ్లిక్, ఎమర్జెన్సీ ప్రైవేట్ అని రాసుకుని, బండిని షెడ్డులోంచి బయటికి పంపేస్తుంది. ఆ భాష ప్రకారం అందులో తప్పేమీ లేదు.

ఆ బండి రోడ్డెక్కింది. లోపల ఆక్సిజనుంది, నర్సుంది, స్ట్రెచరు మీద మనిషి ఉన్నాడు. టోల్‌బూత్ చేతికి ‘వాహనం’ అన్న చీటీ వచ్చింది. ‘ఎమర్జెన్సీయేనా?’ అని అడిగారు. రన్‌టైమ్ ఆర్సీ బుక్కు తెరిచింది. అందులో ఆ వరస ఉంది. కానీ దాని మీద బయటివాళ్ళకి చెప్పకూడదని నల్ల స్టిక్కరు వేసి ఉంది. జవాబేమొచ్చిందో తెలుసా? ‘కాదు’ అని. ‘ఉంది గానీ నీకు చెప్పను’ అనైనా అంటే గేటు దగ్గరి మనిషికి కాస్త అనుమానమొచ్చేది. అలా అనదు. ఊరూ పేరూ తెలియని ఇసుక లారీ ఏ సున్నా ఇస్తుందో, ఈ 108 కూడా అదే సున్నా ఇస్తుంది. గేటు దిగే ఉంటుంది. కంప్యూటర్ ఆరోగ్యంగా ఉంది, ప్రోగ్రాము ఆగలేదు, లాగ్‌లో ఒక్క ఎర్ర అక్షరం లేదు.

షెడ్డులో ఉన్నప్పుడే, కంపైలర్ కళ్ళెదుట ‘ఈ 108ని ఎమర్జెన్సీగా చూడు’ అని రాసి ఉంటే వెంటనే పట్టుకునేవాడు. ‘ఇది అందుబాటులో లేని బేస్’ అని మొహం మీదే చెప్పేవాడు. పదేపది సెకన్లలో సరిదిద్దుకునేవారు. బండి ‘వాహనం’ ముసుగేసుకుని రోడ్డు మీదికి వెళ్ళాక అడిగితేనే ఈ తంటా. కాబట్టి కొత్తగా ఉద్యోగంలో చేరి, కంపైలర్ పెట్టే ఎర్రర్లు చూసి విసుక్కునే పిల్లలకి నేను చెప్పేదొకటే. తిట్టేవాడున్నంతవరకూ అదృష్టమే.

పట్టుకోవలసిన చెయ్యి

టోల్‌గేటు నా కల్పన. ఇదే తప్పు నిజంగా ఎక్కువగా దొర్లే చోటు ఇంకొకటుంది. ప్రోగ్రాములో అనుకోని అవాంతరం వస్తే ‘ఎక్సెప్షన్’ అనే కబురును పైకి విసురుతారు. పైన ఎవరో ‘క్యాచ్’ అంటూ దోసిలి పట్టుకుని ఉంటారు. సీ ప్లస్ ప్లస్ వాళ్ళు అవాంతరాలన్నిటికీ ‘ఎక్సెప్షన్’ అనే ఒక కులపెద్దను పెట్టారు. ఆ వంశంలోది ఏదొచ్చినా పట్టుకుంటానని పైవాడు ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

రైలు టికెట్టు బుక్ చేసే ప్రోగ్రామనుకోండి. ఏ అవాంతరమొచ్చినా పైనున్న క్యాచ్ దాన్ని పట్టుకుని, డబ్బు వెనక్కి పంపి, ‘క్షమించండి, మళ్ళీ ప్రయత్నించండి’ అని చెప్పాలి. కొత్త ఉద్యోగి ఒకడు ‘చెల్లింపు అవాంతరం’ అని సొంత రకం రాశాడు. కోలన్ పెట్టాడు, ఎక్సెప్షన్ అని రాశాడు. పబ్లిక్ మర్చిపోయాడు. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఎందుకు కావు? పరీక్షించే రోజు చెల్లింపులన్నీ చక్కగా జరిగాయి. పండగ ముందు రాత్రి బ్యాంకు సర్వరు మొరాయించింది. అవాంతరాన్ని విసిరారు. పైన దోసిలి పట్టుకున్నవాడు ‘నువ్వు మా ఎక్సెప్షన్ వంశమేనా?’ అని చూశాడు. స్టిక్కరు వేసి ఉంది కాబట్టి కాదన్నమాటే. దోసిట్లో పడకుండా పక్కనుంచి పోయింది. దేన్నైనా పట్టుకునే చిట్టచివరి క్యాచ్ ఒకటి రాసిపెట్టుకోకపోతే, ఎవరూ పట్టని ఎక్సెప్షన్‌కి ఈ భాషలో ఒకటే శిక్ష: ప్రోగ్రాము మొత్తం అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆ ఒక్క టికెట్టే కాదు, అదే ప్రోగ్రాములో ఆ క్షణాన నడుస్తున్న అందరివీనూ. డబ్బు కట్టయింది, టికెట్టు రాలేదు. మనకి తెలిసిన టికెట్టు కష్టాలన్నిటికీ ఇదే కారణమని నేననడం లేదు. ఒక్క మాట లేకపోతే ఇంతదాకా వస్తుందని మాత్రం అంటున్నాను.

ఇలాంటి చోట కొందరు చూపించే ‘తెలివి’ గురించి కూడా చెప్పాలి. కంపైలర్ ‘అందుబాటులో లేదు’ అనగానే, పబ్లిక్ అని రాయాలా వద్దా అని ఆలోచించకుండా, పాత సీ భాష పద్ధతిలో మామూలు బ్రాకెట్లో రకం పేరు పెట్టి కాస్ట్ చేసేస్తారు. ఎర్రర్ మాయమైపోతుంది! కొత్త కాస్టులన్నీ గోడ దగ్గర ఆగిపోతే, ఈ పాత బ్రాకెట్టు ఒక్కటే ప్రైవేటు గోడను దూకగలదు. భాష ప్రమాణమే దానికి ఆ అనుమతిచ్చింది. అంతటితో ఆగితే పర్వాలేదు. ఆ రెండు క్లాసుల వివరాలు కంపైలరుకి కనిపించని చోట అదే బ్రాకెట్టు రాస్తే, అది చుట్టరికం వెతకడం మానేసి, ‘ఏదుంటే అదే అనుకో’ అని కళ్ళు మూసుకుంటుంది. ఇద్దరు తండ్రులున్న వస్తువులో రెండో తండ్రి భాగం కొంచెం దూరంలో ఉంటుంది. కళ్ళు మూసుకున్నవాడు మొదటి తండ్రి ఇంటి తలుపు తీసి రెండో తండ్రి సామాను కోసం తడుముతాడు. ఏం దొరికితే అదే. నన్నడిగితే, కోడ్ చూసేటప్పుడు పాత బ్రాకెట్ కాస్టు కనబడిన ప్రతిచోటా ఆగి, ఇదెందుకు రాశావని అడగాల్సిందే.

ఇక రాకెట్టు. 1996 జూన్ 4. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో కూరూ రాకెట్ కేంద్రం. మన ఇన్సాట్ ఉపగ్రహాలు చాలా వరకూ ఎగిరిన చోటే. ఏరియాన్ 5 మొట్టమొదటి ప్రయోగం. పైన క్లస్టర్ అనే నాలుగు శాస్త్రీయ ఉపగ్రహాలు. ప్రయోగ క్రమం మొదలైన సుమారు 40 సెకన్లకి, 3,700 మీటర్ల ఎత్తులో రాకెట్టు దారి తప్పి, విరిగి, పేలిపోయింది. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం జులైలోనే నివేదిక ఇచ్చేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇప్పటికీ చదవదగ్గ నివేదిక అది.

ఈ రాకెట్టులో సీ ప్లస్ ప్లస్ లేదు. సంబంధిత ప్రోగ్రాము రాసింది ఏడా భాషలో. క్లాసుల గొడవా లేదు. ఉన్నది ఇందాక చెప్పిన మొదటి రకం కాస్టు, దానికి తోడు పట్టుకునే చెయ్యి లేని ఎక్సెప్షను. రాకెట్టు ఎటు వంగింది, ఎంత వేగంతో పోతోంది అని చెప్పే కంప్యూటరులో ఒక లెక్క ఉండేది. అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన అంకెను 64 బిట్ల దశాంశ సంఖ్యగా లెక్కగట్టి, 16 బిట్ల పూర్ణాంకపు గడిలో పెట్టాలి. ఆ గడిలో పట్టే పెద్ద అంకె 32,767. ఏరియాన్ 4లో ఆ అంకె ఎప్పుడూ అంత దూరం పోలేదు. ఏరియాన్ 5 తీరు వేరు. దాని అడ్డవేగం పాతదానికి ఐదు రెట్లు తొందరగా పెరుగుతుంది. అంకె గడి దాటింది. కాస్టు కుదరలేదు. ఎక్సెప్షన్ లేచింది.

అలా ప్రమాదమున్న అంకెలు ఏడున్నాయని ముందే గుర్తించారు. నాలుగింటికి కాపలా పెట్టారు, మూడింటికి పెట్టలేదు. కంప్యూటర్ మీద పనిభారం 80 శాతం మించకూడదని ఒక నియమం. ఆ మూడు అంకెలూ ఎలాగూ హద్దు దాటవని నమ్మకం. ఆ నమ్మకం ఏరియాన్ 4 నాటిది. పైగా ఆ లెక్క రాకెట్టు ఎగరకముందు పనికొచ్చేదే. ఎగిరాక ఏరియాన్ 5కి దాంతో పనే లేదు. పాత రాకెట్టులో బాగా నడిచిన ప్రోగ్రామును ఇప్పుడు కదిలించడం ఎందుకని అలాగే ఉంచేశారు. ఎగిరిన తర్వాత కూడా 40 సెకన్ల పాటు నడిచేలా ఉన్న ఆ లెక్కే కొంప ముంచింది.

ఎక్సెప్షన్ లేచినప్పుడు ఏం చేయాలని రాశారు? తప్పు వివరం చెప్పి, ప్రాసెసర్ ఆపేయమని. తప్పంటే ఏదో ఒక భాగం పాడవడమేనని వాళ్ళ ఊహ. ఒకటి పాడైతే రెండో కంప్యూటరుంది కదా. ఆ రెండోదానిలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ప్రోగ్రాము. మిల్లీసెకన్ల ముందు అదే తప్పుతో అది అప్పటికే ఆగిపోయి ఉంది. ఆగుతూ ఆగుతూ మొదటి కంప్యూటర్ పంపిన తప్పు వివరాన్ని ప్రధాన కంప్యూటర్ మామూలు సమాచారమనుకుంది. చూశారా, ఇక్కడ కూడా ఒక రకాన్ని ఇంకో రకంగా చదవడమే! రాకెట్టు ఎక్కడికో వంగిపోయిందనుకుని, దాన్ని సరిదిద్దాలని నాజిళ్ళను చివరికంటా తిప్పేసింది. సవ్యంగా పోతున్న రాకెట్టు గాలికి అడ్డం తిరిగింది. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే.

క్లస్టర్ ఉపగ్రహాలను మళ్ళీ తయారుచేసి 2000లో సోయజ్ రాకెట్ల మీద పంపారు. ఏరియాన్ 5 కూడా లోపం సరిదిద్దుకుని 2023 జులై దాకా నమ్మకంగా ఎగిరింది. 2021 క్రిస్మస్ నాడు జేమ్స్ వెబ్ టెలిస్కోపును మోసుకెళ్ళింది అదే.

జావా, సీ షార్ప్ లాంటి తర్వాతి భాషలు దాపరికపు వారసత్వాన్నే తీసిపారేశాయి. ఉంటే అందరికీ తెలిసిన చుట్టరికమే. అది మంచి పనే అయినా, సీ ప్లస్ ప్లస్ వదిలేసి పోయే కాలం ఇప్పట్లో లేదు. వెబ్ బ్రౌజర్లు, ఆటలు, బ్యాంకుల పాత ప్రోగ్రాములు, కార్లలోని కంప్యూటర్లు, అన్నిట్లోనూ అది తిష్ఠ వేసుకునే ఉంది. ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐలూ వచ్చాయి. వాటి చేత రాయించుకున్నా, కోలన్ పక్కన ఏముందో కంటితో చూసుకోవలసింది మనిషే.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఇంటర్వ్యూలకి తయారవుతుంటే ఈ ఆదివారం ఒక ప్రశ్న అడిగి చూడండి. ‘కోలన్ తర్వాత తండ్రి పేరొక్కటే రాసి ఊరుకుంటే ఏమవుతుంది?’ ‘క్లాస్ అయితే ప్రైవేట్, స్ట్రక్ట్ అయితే పబ్లిక్’ అని జవాబొస్తే సగం పాసయినట్టే. అప్పుడు రెండోది అడగండి. ‘అలా రాసిన 108 బండిని, వాహనమన్న చీటీ చేతిలో పెట్టుకుని, ఎమర్జెన్సీయేనా అని డైనమిక్ కాస్టుతో అడిగితే?’ చాలామంది ‘ఎర్రర్ వస్తుంది’ అంటారు. ఎర్రరేమీ రాదు. సున్నా వస్తుంది.